మావయ్య పాటల పుస్తకాల్లో పరలోకం

మా మావయ్య దేవుణ్ణి పెద్దగా నమ్మేవాడు కాదు, ఘంటసాలను మాత్రం నమ్మేవాడు. ఆ గొంతులో వచ్చిన మాటకు ఆయన దగ్గర ఎదురు లేదు. అందుకే చచ్చిపోయాక ఏమవుతుంది అన్న విషయంలో ఆయనకు పెద్ద చిక్కే వచ్చిపడింది. ఘంటసాల ఒక పాటలో ఒకటి చెప్పాడు, ఇంకో పాటలో ఇంకోటి చెప్పాడు. పోనీ రాసినవాళ్ళు వేరు అనుకుందామా అంటే, అక్కడా ఆత్రేయ ఒక్కడే. వాళ్ళిద్దరూ కలిసి తనను ఏ ఒడ్డుకూ చేర్చకుండా నడి గోదాట్లో వదిలేశారని మావయ్య ఫిర్యాదు.

ఆయన దగ్గర సినిమా పాటల పుస్తకాలు కట్టలు కట్టలుగా ఉండేవి. హాలు దగ్గర అమ్మే పల్చటి పుస్తకాలు. ముందు కథ కొంచెం చెప్పి, సరిగ్గా అసలు విషయం వచ్చేసరికి 'తరువాయి వెండితెరపై చూడండి' అని ఆపేసేవాళ్ళు. ఆ తర్వాత పాటలు, నాసిరకం కాగితం మీద, అచ్చుతప్పులతో సహా. మావయ్య ఆ తప్పులన్నీ పెన్సిల్‌తో దిద్దేవాడు. నచ్చిన చరణం పక్కన నిలువు గీత, నచ్చని చరణం పక్కన 'ప్రాస కోసం' అని ఒక చీవాటు. వేసవి సెలవులకు అమ్మమ్మగారింటికి వెళ్తే ఆ ట్రంకుపెట్టె నా అధీనంలోకి వచ్చేది. అందులో చావు పాటలున్న పుస్తకాలన్నీ పురికొసతో విడిగా కట్టి ఉండేవి. అమ్మమ్మకు అదంటే గిట్టేది కాదు. దీపాలు పెట్టే వేళ అది ఎవరి చేతిలోనైనా కనిపించిందా, ఇక అయిపోయిందే.

"ఒరేయ్ అబ్బాయ్, పిల్లకు ఆ పాటలు తప్ప ఇంకేం దొరకలేదా నేర్పడానికి? సుబ్బరంగా పెళ్ళి పాటలున్నాయి కదరా!"

"పెళ్ళి పాటల్లో అర్థం చెప్పడానికి ఏముందే అమ్మా" అనేవాడు మావయ్య.

అన్నిటికన్నా పైన 'దేవదాసు' ఉండేది. 1953 నాటిది. 'జగమే మాయ బ్రతుకే మాయ' తెలియని తెలుగువాడు ఉండడు. మందు మాట ఎత్తకుండా ఆ పాట గురించి మాట్లాడేవాడు కూడా ఉండడు. దాని సంగీత దర్శకుడు సుబ్బరామన్ ఆ సినిమా విడుదలను చూడకుండానే పోయాడని మావయ్య చెప్పినప్పుడు, పాట కంటే ఆ సంగతే నన్ను ఎక్కువ పట్టుకుంది. పాట విషయానికొస్తే, నాకది పరలోకం పాట అని ఎప్పుడూ అనిపించలేదు. పార్వతి దక్కని మనిషి ఈ లోకాన్ని కొట్టిపారేస్తున్నాడు, అంతే. కొట్టిపారేసినవాడు దీని బదులు ఇంకో లోకం ఏదైనా చూపిస్తాడా అంటే అదీ లేదు. వేదాల్లో సారం ఇంతేనని తేల్చేసి ఊరుకున్నాడు.

అసలు కథ 'మూగమనసులు'తో మొదలవుతుంది.

1964లో వచ్చిన ఆ సినిమా మొత్తం పునర్జన్మ మీదే నడుస్తుంది. కొత్తగా పెళ్ళయిన జంట గోదావరి మీద పడవలో వెళ్తూ ఒక సుడి దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకు పోయిన జన్మ గుర్తొస్తుంది. ఆ జన్మలో అతను గోపి, పడవ నడిపేవాడు. ఆమె జమీందారుగారి అమ్మాయి రాధ. రాధ పెళ్ళయి వెళ్ళి, భర్త పోయి తిరిగొస్తుంది. ఆమెను నిద్రపుచ్చడానికి గోపి పాడే పాట 'పాడుతా తీయగా చల్లగా'. నిద్రపుచ్చే పాటే, కానీ మధ్యలో మాట చావు మీదికి మళ్ళుతుంది.

'పోయినోళ్ళు అందరూ మంచోళ్ళు, ఉన్నోళ్ళు పోయినోళ్ళ తీపి గురుతులు.'

ఈ చరణం దగ్గర అమ్మమ్మ కూడా మెత్తబడేది. రేడియోలో ఈ పాట వస్తుంటే వంటింట్లోంచి బయటికి వచ్చి, గడప దగ్గర నిలబడి వినేది. ఒకసారి అంది కూడా: "బతికుండగా మీ తాతయ్యతో ఒక్కరోజు పడింది లేదే నాకు. పోయాక ఎంత మంచాయన అయిపోయాడో చూడు. ఎవరు రాశారో గానీ మా ఇంట్లో ఉండి చూసినట్టు రాశాడు." మావయ్య నవ్వాడు. అమ్మమ్మ నవ్వలేదు.

నాకు మాత్రం రెండో సగం ఎక్కువ ఇష్టం. చచ్చిపోయినవాళ్ళు మంచివాళ్ళని అందరూ అంటారు, అందులో పెద్ద విశేషం లేదు. బతికున్నవాళ్ళు పోయినవాళ్ళ గుర్తులు అనడమే ఆత్రేయ పని. ఆ మాటతో పోయినవాళ్ళ కోసం పైకి చూడనక్కర్లేదు, ఎదురుగా కూర్చున్న మనిషిని చూస్తే చాలు. భర్త పోయిన అమ్మాయితో, పైగా తను మనసులో కొలుచుకునే అమ్మాయితో ఈ మాట అనగలిగిన గోపి సామాన్యుడు కాదు. ఆ తర్వాత చరణంలో ఇంకా ముందుకు వెళ్ళి, చావు పుట్టుక లేనిది నేస్తమనీ, జన్మజన్మకూ అది మరీ గట్టిపడుతుందనీ భరోసా ఇస్తాడు. ఎక్కడా 'బహుశా' అన్న ధోరణి లేదు. పడవ నడిపేవాడు అవతలి ఒడ్డు ఉందా లేదా అని అనుమానపడడు కదా అనేవాడు మావయ్య. ఆ మాట ఆయనదో, ఎక్కడైనా చదివాడో నాకు తెలీదు గానీ గోపికి బాగా అతికింది.

ఇప్పుడు 'ప్రేమ నగర్'. 1971. మళ్ళీ ఆత్రేయ, మళ్ళీ కె.వి. మహదేవన్ సంగీతం, మళ్ళీ ఘంటసాల, తెర మీద మళ్ళీ నాగేశ్వరరావు. 'మనసు గతి ఇంతే, మనిషి బ్రతుకింతే' పాటలో చివరి చరణం ఇలా మొదలవుతుంది:

'మరుజన్మ ఉన్నదో లేదో, ఈ మమతలప్పుడేమవుతాయో.'

పాటల పుస్తకంలో ఈ చరణం పక్కన మావయ్య నిలువు గీత పెట్టలేదు, చీవాటూ పెట్టలేదు. నిఘంటువులో రాసినట్టు 'చూ. మూగమనసులు' అని రాసుకున్నాడు. మూగమనసులు పుస్తకంలో ఆ చరణం దగ్గరికి వెళ్తే అక్కడ 'చూ. ప్రేమ నగర్' అని ఉండేది. ఈ పుస్తకం నుంచి ఆ పుస్తకానికి, అక్కణ్ణుంచి మళ్ళీ ఇక్కడికి తిరగడమే గానీ తేలేది ఏమీ ఉండదు. నాకా వయసులో అదొక ఆటలా ఉండేది.

వయసు వచ్చాక ఆ రెండు పాటలూ వెంటవెంటనే పెట్టుకుని విన్నాను. ఆత్రేయ అభిప్రాయం మార్చుకున్నాడని మావయ్య అనేవాడు. నాకలా అనిపించదు. పాడేవాళ్ళు వేరు. గోపికి లోకంలో ఏమీ లేదు, కాబట్టి వచ్చే జన్మ మీద అతనికి హక్కుంది. ప్రేమ నగర్‌లో కల్యాణ్ జమీందారు, ఈ జన్మలో అన్నీ ఉన్నవాడు. ఒక్క మనిషి కోసం మేడ కట్టించి, ఆ మనిషినే పోగొట్టుకుని, చేతిలో గ్లాసుతో పాడుతున్నాడు. అంతా మట్టేనని తెలుసు, మాయేనని తెలుసు అంటాడు. తెలిసి కూడా ప్రేమించి ఏడవడంలో తీపి ఉందంటాడు. ఇలాంటివాడికి వచ్చే జన్మ అప్పుగా కూడా పుట్టదు. సినిమా కవికి సొంత సిద్ధాంతం ఉండొచ్చు గానీ, పాత్రకు దాన్ని తగిలిస్తే పాట పాడైపోతుంది. ఆత్రేయ ఎప్పుడూ ఆ పని చేయలేదు.

ఇంకో సంగతి. కల్యాణ్ అడిగేది నేనేమవుతాను అని కాదు. ఈ మమతలేమవుతాయి అని. తన ఆత్మ స్వర్గానికి పోతుందా, నరకానికి పోతుందా అన్న బెంగ ఆ పాటలో ఎక్కడా లేదు. మావయ్య కట్టలో ఏ పాట తీసినా ఇదే వరస. పరలోకం ఎలా ఉంటుందో ఒక్కరూ వర్ణించరు. బంగారు ద్వారాలు లేవు, పూలతోటలు లేవు. ఉన్నదంతా మనుషుల మధ్య లెక్కే: ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎంతవరకు వస్తారు, మళ్ళీ కలుస్తారా లేదా.

1973లో ఆ లెక్కను ఆత్రేయ మరీ కరుగ్గా తీశాడు. 'జీవన తరంగాలు'. శవయాత్ర పాట. పాడె మోస్తున్న కొడుక్కి తను మోసేది కన్నతల్లినని తెలీదు. చూసేవాళ్ళందరికీ తెలుసు.

'కడుపు చించుకు పుట్టిందొకరు, కాటికి నిన్ను మోసేదొకరు, తలకు కొరివి పెట్టేదొకరు, ఆపై నీతో వచ్చేదెవరు.'

మొదటి మూడింటికీ 'ఒకరు' అనే జవాబు ఉంది. పుట్టేవాళ్ళు, మోసేవాళ్ళు, కొరివి పెట్టేవాళ్ళు. నాలుగో దానికి ప్రశ్నే మిగిలింది. జె.వి. రాఘవులు బాణీ కూడా అక్కడ ఊరట ఇవ్వదు, నడక ఆగదు. ఈ పాట రేడియోలో వస్తే మా ఇంట్లో ఎవరో ఒకరు లేచి వెళ్ళి కట్టేసేవాళ్ళు. మావయ్య మాత్రం ఆపొద్దని గొడవ పెట్టుకునేవాడు.

నేను ఆడపిల్లని. మా రోజుల్లో మమ్మల్ని వీధి చివరి దాకా కూడా రానిచ్చేవాళ్ళు కాదు. మగవాళ్ళు మోసుకుని వెళ్ళేవాళ్ళు, తడి బట్టలతో తిరిగొచ్చేవాళ్ళు, మధ్యలో ఏం జరిగిందో మాకు తెలీదు. అందుకే కాడు ఎలా ఉంటుందో నాకు మొదట చెప్పింది పాటలూ పద్యాలే. ముఖ్యంగా హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను. తిరణాళ్ళప్పుడు మైకులో వచ్చేది, అర్ధరాత్రి దాటాక. నిద్రమత్తులో వింటుంటే హార్మోనియం, దాని మీద జాషువా పద్యం: 'ఇచ్చోటనే సత్కవీంద్రుని కమ్మని కలము నిప్పులలోన కరిగిపోయె...' కవి కలం, రాజుగారి అధికార ముద్రలు, కొత్త ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుడి కుంచె. జాషువా మనుషుల్ని కాల్చడు, వాళ్ళ చేతుల్లోని వస్తువుల్ని కాలుస్తాడు. చెవుల్లో దిండు కుక్కుకున్నా నల్లపూసలు కళ్ళ ముందు నుంచి పోయేవి కావు.

అదే సీనులో బలిజేపల్లి లక్ష్మీకాంతం పద్యం ఒకటి ఉంది. నా ఇల్లాలు, నా కుమారుడు అని ప్రాణం ఉన్నంతవరకు అల్లాడిన ఈ శరీరం కట్టెల్లో కాలేటప్పుడు, 'ఆ యిల్లాలును రాదు, పుత్రుడును తోడై రాడు తప్పింపగన్' అంటాడు హరిశ్చంద్రుడు. 'ఆపై నీతో వచ్చేదెవరు' అన్న ప్రశ్న ఆత్రేయకు ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఊరూరా తెల్లవార్లూ వన్స్ మోర్లు కొట్టించుకుని, పామరుడి నోట కూడా నలిగిన ప్రశ్న అది. తేడా ఒక్కటే. హరిశ్చంద్రుడు ఎవరూ రారని చెప్పేశాడు, ఆత్రేయ అడిగి ఊరుకున్నాడు. అడిగి ఊరుకుంటేనే ఎక్కువ భయం వేస్తుంది.

నవ్వొచ్చే విషయం ఏమిటంటే, ఈ జీవన తరంగాలు తీసిన తాతినేని రామారావే నాలుగేళ్ళకు 'యమగోల' తీశాడు. యముడు, చిత్రగుప్తుడు, చిట్టాలు, అన్నీ సెట్లు వేసి మరీ చూపించాడు. పైకి వెళ్ళిన ఎన్టీఆర్ ఊరుకుంటాడా, యమలోకంలో సమ్మె చేయిస్తాడు. 'సమరానికి నేడే ప్రారంభం, యమరాజుకు మూడెను ప్రారబ్ధం' అని పాట కూడా. మన సినిమాల్లో పరలోకం కంటికి కనిపించిందంటే అది నవ్వించడానికే. దాన్ని చూపించనప్పుడే ఏడిపించారు. నేను యమగోలను తక్కువ చేయడం లేదు. చావు భయానికి యూనియన్ పెట్టడం కంటే మంచి మందు నాకు తెలీదు.

ఇక ఘంటసాల చివరి జవాబు. ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయారు. పాడి ఉంచిన భగవద్గీత ఆ తర్వాతే బయటికి వచ్చింది. శ్లోకం పాడటం, దాని కింద తెలుగులో తాత్పర్యం చెప్పడం. పుట్టినవాడికి చావు తప్పదు, చచ్చినవాడికి పుట్టుక తప్పదు. చినిగిన బట్ట వదిలి కొత్తది కట్టుకున్నట్టు ఆత్మ కొత్త శరీరం తీసుకుంటుంది. చెప్పే గొంతులో తొణుకు లేదు. ప్రేమ నగర్‌లో 'ఉన్నదో లేదో' అని తడబడ్డ గొంతే ఇది.

మావయ్య ఆ రికార్డు కొన్న రోజు ఇంట్లో పండగే. విన్నాడు, మళ్ళీ విన్నాడు. చివరికి, "బాగానే ఉంది గానీ, ఇందులో మమతల సంగతి చెప్పలేదు" అన్నాడు. ఆత్మకు మరో ఒంటిని చూపించాడే తప్ప, ఆ ఒంట్లోకి వెళ్ళాక పాత ఇంటివాళ్ళు గుర్తుంటారా లేదా అన్నది కృష్ణుడు తేల్చలేదని ఆయన అభ్యంతరం. అర్జునుడు అడగలేదు కాబట్టి చెప్పలేదేమో అన్నాను. "ఆత్రేయ అడిగాడుగా" అన్నాడు.

ఇప్పుడా గీత గతి చూస్తే బాధేస్తుంది. వైకుంఠ రథాల్లో, శవపేటికల పక్కన, స్పీకర్లలో. పొద్దున్నే ఎవరింట్లోనైనా వినిపిస్తే పక్కింటివాళ్ళు ఎవరు పోయారని కంగారుగా తలుపు తీస్తున్నారు. యుద్ధం చేయనని కూలబడిన బతికున్న మనిషిని లేపి నిలబెట్టడానికి చెప్పిన మాటలవి. శవం వినడానికి కాదు. ఘంటసాల గొంతు అంత గంభీరంగా లేకపోతే ఈ గతి పట్టేది కాదేమో అని కూడా అనిపిస్తుంది. మావయ్య పోయినప్పుడూ అంతే, బండితోపాటే గీత కూడా వచ్చింది. ఎవరూ పెట్టమని చెప్పలేదు. ఆపమని డ్రైవర్‌తో అనబోయి ఊరుకున్నాను. పాడేది ఘంటసాల, మావయ్య ఒప్పుకునేవాడే.

కట్టలో లేని పాటలు రెండు నేను కలుపుకున్నాను. ఒకటి అన్నమయ్యది, ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన 'నానాటి బదుకు నాటకము'. 'పుట్టుటయు నిజము పోవుటయు నిజము, నట్టనడిమి పని నాటకము.' దేవదాసు లోకాన్ని మాయ అన్నాడు, అన్నమయ్య నాటకం అన్నాడు. మాయ అంటే కోపం వస్తుంది గానీ నాటకం అంటే రాదు, మన వేషం మనం కట్టి రావచ్చు. ఐదొందల ఏళ్ళ కిందటి మాట, ఇవాళ పొద్దున రాసినట్టుంటుంది.

రెండోది శంకరాభరణంలో 'దొరకునా ఇటువంటి సేవ'. వేటూరి రాసింది. దేవుడి పాదాలను చేరే నిర్వాణ సోపానం ఎక్కే దారి అంటాడు పల్లవిలోనే. మన పాటల్లో పైకి వెళ్ళే మెట్లు కనిపించింది నాకు ఇక్కడే. శంకరశాస్త్రి పాడుతూ పాడుతూ కూలిపోతే, మిగిలిన పాటను శిష్యుడు అందుకుంటాడు. గురువు మెట్లెక్కి వెళ్ళాడు సరే, మమత ఏమయిందంటే, అదిగో, ఆ పిల్లాడి గొంతులోకి వచ్చింది. 1980లో హాల్లో మా చుట్టుపక్కల ముక్కులు చీదుతున్న చప్పుడు నాకింకా గుర్తే. మావయ్య ఆ పాటను కట్టలో కలపలేదు. పాడింది బాలు కదా.

ఈమధ్యది ఒకటి చెప్పాలి. 2023లో మా అమ్మాయి 'బలగం' సినిమాకు లాక్కెళ్ళింది. ముసలాయన కొమురయ్య పోతాడు. పిండం పెడితే కాకి ముట్టదు. ఎడమొహం పెడమొహంగా ఉన్న అన్నదమ్ములు, ఇంటి ఆడపడుచు. చివర్లో బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు వచ్చి, పోయినాయన కథ పాడతారు. 'తోడుగా మాతోడుండి, నీడాగా మాతో నడిచి, నువ్వెక్కాడెళ్ళినావు కొమురయ్యా.' ఆత్రేయ భాష కాదు, ఘంటసాల గొంతు కాదు, ఆర్కెస్ట్రా కూడా పెద్దగా లేదు. ఎక్కడికెళ్ళావని అడుగుతున్నారు గానీ, అది తెలుసుకోవాలని కాదు. అడిగేది పోయినాయన్ని, వినాల్సింది ఎదురుగా కూర్చున్న పిల్లలు. చెల్లెల్ని పిలవని అన్న తల దించుకోవాలి, అదీ పాట పని. 'ఉన్నోళ్ళు పోయినోళ్ళ తీపి గురుతులు' అని గోపి ఊరడించినట్టు చెప్పినదాన్ని వీళ్ళు నిలదీసినట్టు అడిగారు.

హాలంతా ఏడుస్తోంది. మా అమ్మాయి నా భుజం మీద పడి ఏడుస్తోంది. మా ముందు వరసలో ఒకావిడ సినిమా ఇంకా అవ్వకుండానే ఫోన్ తీసి, "అన్నా, ఎక్కడున్నవే?" అంటోంది గట్టిగా. వెనకనుంచి ఎవరో బయటికెళ్ళి మాట్లాడమ్మా అని కసిరారు. ఆవిడ వినిపించుకోలేదు.